గార పట్టిన పైపు

2024 మార్చి నెలాఖరు. ఆ ఏడాది ఎండలు ముదరకముందే మా వైపు బోర్లు ఎండిపోయాయి. దిల్‌సుఖ్‌నగర్ గల్లీల్లో పొద్దున లేచిన దగ్గర్నుంచి నీళ్ళ ట్యాంకర్ల హారన్లే. ఎల్బీనగర్ నుంచి కర్మన్‌ఘాట్ వెళ్ళే రోడ్డు మీద నాకో చిన్న ప్లంబింగ్ సామాన్ల దుకాణం ఉంది. సామాను అమ్ముతాను, పిలిచిన చోటికి వెళ్ళి పనీ చేస్తాను. ఈ ఊరొచ్చి ఇరవై రెండేళ్ళు. విప్పిన పైపులు, బిగించిన కుళాయిలు చాలావరకు గుర్తు లేవు. గుర్తున్నవాటిలో నేను తెలివిగా చేసిన పనులు కొన్ని ఉన్నాయి. ఇప్పుడు రాస్తున్నది వాటిలోది కాదు.

మాది కాకినాడ వైపు. హైదరాబాదు రాకముందు ఆరేళ్ళు హార్బరులో లాంచీలు రిపేరు చేసే షెడ్డులో పనిచేశాను. లాంచీల్లో ఉండే మరుగుదొడ్ల పని నాది. దాన్ని ఎవరూ ఇష్టపడి నేర్చుకోరు కాబట్టి కొత్తగా చేరిన నాకు అంటగట్టారు. లాంచీలో దొడ్డి పక్కనే ఒక చేతి పంపు ఉంటుంది. దాన్ని కొడితే సముద్రపు నీరు లోపలికొచ్చి, ఉన్నదంతా తోసుకుంటూ రబ్బరు గొట్టంలోంచి బయటికి పోతుంది. సముద్రపు నీళ్ళలోని ఉప్పులు, సున్నం, మనిషి మూత్రం కలిసి నిలవున్న చోట గట్టిపడతాయి. గొట్టం లోపల పెంకులా అంటుకుపోతాయి. పళ్ళకు గార పట్టినట్టే ఉంటుంది, మేమూ దాన్ని గార అనే అనేవాళ్ళం. వేలు దూరే సందు మాత్రం మిగిలాక గొట్టం ఊడదీసి జెట్టీ గచ్చు మీద బాదేవాళ్ళం. తెల్లటి పెచ్చులు పెచ్చులుగా రాలేది.

నాకు పని నేర్పిన మస్తాన్ మేస్త్రి ప్రతి లాంచీ వాళ్ళకీ ఒకటే చెప్పేవాడు. "నాలుగుసార్లు పంపు కొట్టి వదిలేస్తే మూత్రం సగం దూరం పోయి ఆగిపోద్ది. గొట్టం పొడుగంతా ఖాళీ అయ్యేదాకా కొట్టాల. వారానికోసారి వెనిగరో, నిమ్మఉప్పు నీళ్ళో పోసి రాత్రంతా వదిలెయ్యాల. అంతే, గార పట్టదు." నీళ్ళు ధారాళంగా పొయ్యాలి, వారం వారం కాస్త పులుపు పడాలి. సముద్రం మీద నీళ్ళకు కరువు లేదు గనక అందులో మొదటిది ఎంత పెద్ద షరతో నాకు అప్పట్లో తెలియలేదు.

ఆ మార్చిలో నాకు ఫోన్ చేసినావిడ పేరు పద్మ. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్ల వెనక గల్లీలో నాలుగంతస్తుల బిల్డింగు కిరాయికి తీసుకుని ఆడపిల్లల హాస్టల్ నడుపుతోంది. పోచంపల్లి దగ్గర చేనేత కుటుంబం వాళ్ళది. భర్త పోయాక చీరల వ్యాపారం వదిలేసి ఇందులోకి వచ్చింది. అంతకుముందు రెండు మూడుసార్లు వాళ్ళింటి గీజరు పని చేశాను కాబట్టి నన్ను ఎరుగును.

"అన్నా, మూడో అంతస్తుల లెట్రిన్లు నిండుకొస్తున్నయి. నీళ్ళు కిందికి పోతలేవు. వాసనకు పిల్లలు అన్నం తింటలేరు. జర ఒచ్చి చూడు," అంది.

వెళ్ళాను. మూడో అంతస్తు చివర, వరసగా మూడు మరుగుదొడ్లు. తలుపుల మీద కాగితాలు అంటించి ఉన్నాయి: 'ఒకరికి ఒక్క మగ్గు మాత్రమే.' లోపల ఫ్లష్ ట్యాంకులున్నాయి గానీ వాటి యాంగిల్ కాకులు, అంటే గోడ దగ్గర నీళ్ళు ఆపే చిన్న కుళాయిలు, మూడూ కట్టేసి ఉన్నాయి. ఎవరూ తిప్పకుండా పిడులు కూడా ఊడదీశారు. పావురాలు వస్తున్నాయని వెంటిలేటర్లకు ప్లాస్టిక్ షీటు కొట్టేశారు.

నేను వెళ్ళేసరికి ఒకావిడ నడుం వంచి మధ్య గదిలో బేసిను తోముతోంది. ఎల్లమ్మ. నలభై అయిదేళ్ళుంటాయి. బాలాపూర్ నుంచి రోజూ పొద్దున బస్సులో వచ్చి నాలుగంతస్తులూ కడుగుతుంది. మధ్యాహ్నం నుంచి వాళ్ళ బస్తీలో ఆకుకూరల బండి. ఆమె కూత వీధి చివరిదాకా వినబడుతుందని, అది విని ఆడవాళ్ళు గిన్నెలు పట్టుకుని బయటికొస్తారని తర్వాత వాళ్ళాయన యాదయ్య చెప్పాడు. ఆ రోజు నేను గమనించింది ఆమె గొంతును కాదు, ఆమె పనితనాన్ని. అంత వాసనలోనూ బేసిన్లు పాలలా ఉన్నాయి. అంచుల్లో తెల్లటి పొడి కనిపించింది. మూలన బ్లీచింగ్ పౌడర్ బకెట్టు, అందులో చిన్న చిప్ప. కళ్ళు కొద్దిగా మండాయి. చూశాను, పీల్చాను, అంతటితో వదిలేశాను.

రెండో అంతస్తు బాత్రూము పైకప్పు కింద వేలాడే పైపుకు డోర్ టీ ఉంది. అడ్డుపడినప్పుడు విప్పి చూడడానికి పైపుకు పెట్టే మూత అన్నమాట. దాన్ని విప్పాను. నాలుగంగుళాల పైపులో నా బొటనవేలు దూరేంత సందు మిగిలింది. మిగతాదంతా పసుపు కలిసిన తెల్లటి రాయి. స్క్రూడ్రైవర్‌తో గీకితే గీత కూడా పడలేదు. ఇరవై రెండేళ్ళ తర్వాత నాకు జెట్టీ గచ్చు గుర్తొచ్చింది. బోరు నీళ్ళలో సున్నం ఎక్కువ. ఒక్క మగ్గు నీళ్ళతో మూత్రం పైపులో నాలుగడుగులు పోయి ఆగిపోతోంది. రోజుకు అంతమంది పిల్లలు. లాంచీలో ఏళ్ళు పట్టేది ఇక్కడ రెండు ఎండాకాలాల్లో పట్టింది.

నిచ్చెన దిగుతుంటే ఎల్లమ్మ వచ్చి కింద నిలబడింది.

"ఏముందన్న లోపట?"

"గార కట్టిందమ్మా. రాయిలా అయిపోయింది. వాసన అక్కణ్ణుంచే."

ఆమె కాసేపు పైపు వైపే చూసింది. "అయితే నా కడుగుడుతోని కాదు గదా?"

"నీ తప్పేం లేదమ్మా. నువ్వు ఎంత కడిగినా ఇది పోదు."

"గా మాట మేడంకు జర చెప్పు అన్న," అంది మెల్లగా. "రోజు తిడుతున్నది, మంచిగ కడుగుతలేవని. పిల్లలు గూడ గట్లనే అంటుండ్రు. నేను చెప్తే ఇనరు. నువ్వు చెప్తే ఇంటరు."

"చెప్తాలే," అన్నాను.

కిందికి వెళ్ళాను. పద్మగారి ఆఫీసు గదిలో కూర్చున్నాం. పైపు సంగతి చెప్పాను. అడ్డంగా పోయే ఆ ముక్క మొత్తం కోసేసి కొత్తది వెయ్యాలి, మూడు రోజులు ఆ అంతస్తు మరుగుదొడ్లు వాడకూడదు, ఆ తర్వాత ఫ్లష్‌లు తెరిచి ధారాళంగా నీళ్ళు పోనివ్వాలి అన్నాను. లేకపోతే కొత్త పైపుకీ ఇదే గతి.

ఆమె తల పట్టుకుంది. "నీళ్ళు యాడికెల్లి తేవాలె అన్నా? బోరు బంద్. ట్యాంకర్ బుక్ చేస్తే రెండు దినాలకు ఒస్తున్నడు. నేను హాస్టల్ నడిపిస్తున్ననా, నీళ్ళ కోసం ఫోన్లు జేసే నౌకరీ జేస్తున్ననా తెలుస్తలేదు. నెలన్నరల పిల్లల పరీక్షలున్నయి. మూడు దినాలు బంద్ పెడితే యాడికి పోతరు? పరీక్షలయినంక వేద్దాం. అప్పటిదాంక నడిచేటట్టు ఏమన్న చెప్పు."

అక్కడ నేను 'కుదరదు' అనాలి. నిమ్మఉప్పు చెప్పినా బాగుండేది. అంత మందం గారకు నిమ్మఉప్పు నెలలు పడుతుందని, ఆవిడకు తొందరగా ఫలితం కావాలని ఆలోచించాను.

"యాసిడ్ పోయించండి," అన్నాను. "వారానికి రెండుసార్లు. పది మగ్గుల నీళ్ళలో ఒక మగ్గు యాసిడ్. ముందు నీళ్ళు, తర్వాత యాసిడ్. అరగంట వదిలేసి రెండు బకెట్లు పొయ్యాలి. కొంచెం కొంచెంగా కరుగుతుంది. పరీక్షలదాకా లాగొచ్చు."

ఆవిడ తల ఊపింది. ఇంతలో నాకు మూసారాంబాగ్ నుంచి ఫోన్ వచ్చింది, ఎవరింట్లోనో ట్యాంకు పొంగి మెట్ల మీద నీళ్ళు పారుతున్నాయట. లేచాను. గేటు దగ్గర ఎల్లమ్మ చీపురు పట్టుకుని నా ముఖంలోకి చూసింది. చెప్పావా అని అడగలేదు. నేను తలాడించి బండి ఎక్కాను. ఆ తలాడింపుకు అర్థం ఏమిటో ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. పద్మగారికి వాసన పైపుదని చెప్పాను గానీ, ఎల్లమ్మది కాదు అన్న ఆ ఒక్క ముక్క నా నోట్లోంచి రాలేదు. ఆమె రోజూ ఏం పోసి కడుగుతోందో ఆమెనూ అడగలేదు, పద్మగారినీ అడగలేదు.

తర్వాత రెండు వారాలకు, ఉదయం పదిన్నర ప్రాంతంలో, దుకాణంలో ఉండగా ఫోన్ మోగింది. పద్మగారి గొంతు ఆగి ఆగి వస్తోంది.

"అన్నా, ఎల్లమ్మ లెట్రిన్ల పడిపోయింది. పొగ ఒస్తున్నది పచ్చగ. ఏం జెయ్యాలె అన్నా?"

పచ్చటి పొగ అనగానే నాకు అర్థమైంది. బ్లీచింగ్ పౌడర్ మీద యాసిడ్ పడితే క్లోరిన్ వస్తుంది. మా పనిలో ఉన్నవాళ్ళందరికీ తెలిసిన సంగతి. తెలియని వాళ్ళ చేతికే ఆ రెండూ వెళ్తుంటాయి.

"అందరినీ కిందికి దించండి. కిటికీలన్నీ తెరిపించండి. ఆమెను బయటికి తెచ్చారా?"

"తెచ్చిండ్రు. ఊపిరాడుతలేదు అన్నా ఆమెకు."

"ఆటో ఎక్కించి దవాఖానాకి తీసుకెళ్ళండి, నేనూ వస్తున్నా."

ముందు హాస్టల్‌కి వెళ్ళాను, ఏం పోసిందో డాక్టర్లు అడుగుతారు కాబట్టి. ఆడపిల్లలంతా గల్లీలో నిలబడి ఉన్నారు. శ్రావణి అనే అమ్మాయి, ఒంగోలు నుంచి వచ్చి చదువుకుంటోంది, మెట్ల మీద కూర్చుని దగ్గుతోంది. ఎల్లమ్మను బయటికి లాగింది ఆ అమ్మాయే. చున్నీ తడిపి ముక్కుకు కట్టుకుని వెళ్ళిందట.

"తలుపు వేసుకుని కడుగుతుందంకుల్, మేము తడి మీద జారిపడతామని," అంది. "దగ్గు వినపడింది. ఆగలేదు. తర్వాత ఏదో పడ్డ చప్పుడైంది. తలుపు తోస్తే అడ్డంగా ఆవిడే పడి ఉంది."

"ఏం పోసిందో చూశావా అమ్మా?"

"పొద్దున మేడం గట్టిగా అరిచారు ఆవిడ మీద, వాసన పోవట్లేదని. అప్పుడు పౌడరు చాలా ఎక్కువ వేసింది. బేసిను నిండా తెల్లగా ఉంది. తర్వాత యాసిడ్ క్యాను తెచ్చుకుంది."

పైకి వెళ్ళి ముక్కు మూసుకుని క్యాను, బ్లీచింగ్ బకెట్టు తీసుకొచ్చాను. మగ్గు అక్కడే పడి ఉంది. పక్కనున్న ఇంకో బకెట్టులో నీళ్ళు నిండుగా, కదలకుండా ఉన్నాయి. ఆమె నీళ్ళు కలపలేదు. పది మగ్గుల నీళ్ళు అని నేను పద్మగారికి చెప్పాను. ఆ మాట ఆవిడ దగ్గర్నుంచి ఎల్లమ్మకు చేరేసరికి 'యాసిడ్ పొయ్యి' అన్నదే మిగిలింది. ఒకవేళ చేరినా, మగ్గు నీళ్ళు ఎక్కువ వాడితే తిట్లు తినే మనిషి యాసిడ్ కోసం పది మగ్గులు ఎలా ఖర్చు పెడుతుంది?

దవాఖానాలో క్యాజువాలిటీ డాక్టరు నా చేతిలో క్యాను, బ్లీచింగ్ బకెట్టు చూసింది. "రెండూ కలిపిందా? ఎవరు చెప్పారు పొయ్యమని?" అని అడిగింది.

పద్మగారు నా వైపు చూసింది. "నేనే," అన్నాను.

డాక్టరు లోపలికి నడిచింది. తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేదేమో. 

బయట బల్ల మీద పద్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. "పొద్దుగాల గూడ తిట్టిన అన్నా. జీతం తీస్కోని ఏం కడుగుతున్నవని అడిగిన. ఒక్క మాట అనలే. లోపటికి వొయ్యింది."

అప్పుడు చెప్పాను. "మేడం గారూ, ఆ వాసన ఆమె వల్ల కాదు. ఎంత కడిగినా పోదు. ఆ రోజే మీకు చెప్పమని నన్ను అడిగింది. మర్చిపోయాను."

 "ఇప్పుడు చెప్పి ఏం లాభం అన్నా," అంది ఆవిడ. కోపంగా అనలేదు. నిజంగానే లాభం ఏమిటో తెలియక అడిగినట్టు ఉంది.

ఎల్లమ్మ పన్నెండు రోజులు అక్కడే ఉంది. నేను నాలుగోరోజు వెళ్ళాను. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం. మాట గరగరమంటూ, రెండు మాటలకోసారి ఆగి వస్తోంది. యాదయ్య పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచి స్టూలు నా వైపు జరిపాడు. నేనెవరో ఆమె అప్పటికే చెప్పి ఉంటుంది. అయినా జరిపాడు.

"నా తెలివితక్కువ పని అన్న," అంది ఎల్లమ్మ. "వాసన పోతదని జర ఎక్కువేసిన."

"నీది కాదమ్మా. రెండూ కలపకూడదని నేను చెప్పాలి. చెప్పలేదు."

"నాకెందుకు చెప్తవు. మేడంకు చెప్పినవు గదా."

ఆమె ఎత్తిపొడవలేదు. ప్లంబరు మేడంతో మాట్లాడతాడు, మేడం తనతో మాట్లాడుతుంది, లోకం నడిచేది అలాగే అన్నట్టు చెప్పింది. ఊపిరి తీసుకుంది. ఆ తర్వాత అడిగింది.

"గా దినం మేడంకు చెప్పినవా అన్న? వాసన పైపుదని, నాతోని కాదని?"

యాదయ్య కూడా నా వైపు చూశాడు. ఆ గొట్టం, ఆ ఎండిన పెదవులు చూస్తూ నిజం చెప్పలేకపోయాను.

"చెప్పానమ్మా," అన్నాను.

"మంచిగ జేసినవు," అని కళ్ళు మూసుకుంది.

ఇంటికి పంపేటప్పుడు డాక్టరు యాదయ్యకు చెబుతుంటే నేనూ విన్నాను. ఊపిరితిత్తులు లోపల కాలినట్టయ్యాయి, కొంత తేరుకుంటుంది, కొంత తేరుకోదు. పొగకు, దుమ్ముకు, చలికి దూరంగా ఉండాలి. మెట్లు ఎక్కకూడదు, బరువులెత్తకూడదు, గట్టిగా మాట్లాడకూడదు. యాదయ్య ప్రతిదానికీ తల ఊపాడు. బాలాపూర్ బస్తీలో, రోడ్డు పక్క రెండు గదుల ఇంట్లో, దుమ్ముకు దూరంగా ఎక్కడుంటారని ఎవరూ అడగలేదు. ఆమె చేసే రెండు పనులూ ఆ మాటతో పోయాయి. మెట్లు ఎక్కకుండా నాలుగంతస్తులు కడగలేదు. గట్టిగా అరవకుండా ఆకుకూరలు అమ్మలేదు.

పరీక్షలయ్యాక, మే నెలలో, నేనే వెళ్ళి ఆ పైపు మార్చాను. పద్మగారు వేరేవాళ్ళను పిలుస్తుందనుకున్నాను, నన్నే పిలిచింది. రంపంతో కోస్తే ముక్క నేలమీద రాయి పడ్డట్టు పడింది. అడ్డంగా చూస్తే లోపల ఉంగరాలు ఉంగరాలుగా పొరలు, మధ్యలో ఇంకా నా బొటనవేలు దూరేంతే సందు. రెండు వారాలు పోయించిన యాసిడ్ ఒక్క పొరను కూడా పూర్తిగా తినలేదు. దాన్ని చేత్తో పట్టుకుని కాసేపు కూర్చుండిపోయాను. దీనికోసం ఆమె ఊపిరితిత్తులు కాలాయి. నేను చెప్పిన మందు పని కూడా చెయ్యలేదు.

కొత్త పైపుకు స్లోపు, అంటే నీరు తనంతట తాను జారిపోవడానికి కావలసిన వాలు, కొలిచి ఇచ్చాను. ఇంకో రెండు చోట్ల డోర్ టీలు పెట్టాను. వెంటిలేటర్ల ప్లాస్టిక్ తీసి వల కొట్టాను. వారానికోసారి నిమ్మఉప్పు నీళ్ళు పోసి రాత్రంతా వదలమని కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను. యాసిడ్, బ్లీచింగ్ కలిపితే ప్రాణాలు పోతాయని కింద రాశాను. అన్నీ చేశాక యాంగిల్ కాకులకు పిడులు బిగించబోతే పద్మగారు వచ్చి నిలబడింది.

"పిడులు ఇప్పుడే పెట్టకు అన్నా. వానలు పడనియ్యి," అంది. నా కళ్ళలోకి చూడలేదు.

పిడులు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాను. తలుపుల మీద 'ఒక్క మగ్గు' కాగితాలు అలాగే ఉన్నాయి. కొత్త పైపులో ఆ సాయంత్రం నుంచే మొదటి పొర పట్టడం మొదలై ఉంటుంది.

చెప్పానమ్మా అన్న ఆ మాట నన్ను వదల్లేదు. పనిలో ఉన్నంతసేపు ఫర్వాలేదు. అన్నం దగ్గర కూర్చుంటే గుర్తొచ్చేది. వానలు మొదలయ్యాక ఒక ఆదివారం బాలాపూర్ వెళ్ళి వాళ్ళ ఇల్లు వెతికాను. బస్తీ మలుపులో బండి ఉంది. యాదయ్య గొంతు చించుకుంటున్నాడు గానీ ఎవరూ బయటికి రావట్లేదు. పక్కన ప్లాస్టిక్ స్టూలు మీద ఎల్లమ్మ కూర్చుని గంగవాయిలి కూర కట్టలు కడుతోంది. బాగా చిక్కిపోయింది. నన్ను చూసి నవ్వింది, నవ్వులోనే దగ్గు వచ్చింది. యాదయ్య చాయ్ తెస్తానని వెళ్ళాడు.

ఆమె ముందు రోడ్డు మీద కూర్చున్నాను.

"ఎల్లమ్మా, ఆ రోజు దవాఖానాలో నీకు అబద్ధం చెప్పాను. వాసన నీ వల్ల కాదని నేను ఆ రోజు మేడంకి చెప్పలేదు. నువ్వు పడిపోయాకే చెప్పాను."

ఆమె చేతులు ఆగలేదు. కట్ట కట్టి, తడి గోనె మీద పెట్టి, ఇంకో గుప్పెడు తీసుకుంది.

"తెలుసన్న," అంది. "నువ్వు వొయ్యిన తెల్లారి గూడ తిట్టింది. చెప్పి ఉంటే ఎందుకు తిడతది?"

 నేను అడిగాను. "తెలిసి మరి దవాఖానాలో నన్నెందుకు అడిగావమ్మా?"

ఊపిరి కూడదీసుకోవడానికి ఆమెకు సమయం పట్టింది. "ఒక్కలన్న నా దిక్కు మాట్లాడిండ్రని ఇనాలనిపిచ్చింది."

యాదయ్య చాయ్ తెచ్చాడు. ముగ్గురం తాగాం. వస్తుంటే రెండు కట్టలు సంచిలో వేసింది. వద్దంటే ఊరుకోలేదు. ఆ తర్వాత నేను మళ్ళీ అటు వెళ్ళలేదు. రెండుసార్లు బయల్దేరి, కర్మన్‌ఘాట్ దాటకుండానే బండి తిప్పేశాను.

ఈ సంగతి నాకు నేర్పింది చెప్పమంటే చిన్నదే. పైపు గురించి చెప్పవలసింది ఇంటి యజమానికి కాదు, ఆ పైపులో రోజూ ఏదో ఒకటి పోసే మనిషికి. నాకు ముప్ఫై ఏళ్ళ పని తెలుసు, ఆ సంగతి మాత్రం తెలియలేదు. తెలుసుకోవడానికి ఒక మనిషి ఊపిరి సగమైపోవలసి వచ్చింది. అది పాఠం అనుకోవడానికి కూడా నాకు సిగ్గుగా ఉంటుంది.

ఇప్పుడు ఎవరింటికి వెళ్ళినా, మరుగుదొడ్డి కడిగేవాళ్ళను పిలవమంటాను. చాలామందికి అది నచ్చదు. ఆమెకేం తెలుసు, మాకు చెప్పండి అంటారు. నేను కదలను. మొన్న మూసారాంబాగ్‌లో ఒక అపార్టుమెంటులో అలాగే పట్టుబట్టాను. చేతులు కొంగుకు తుడుచుకుంటూ ఒకావిడ వచ్చి దూరంగా నిలబడింది. దగ్గరికి రమ్మని అన్నీ చెప్పాను. ఏది దేంతో కలపకూడదో, తలుపు ఎందుకు తెరిచి ఉంచాలో, గార ఎందుకు పడుతుందో, పట్టకుండా ఉండాలంటే ప్రతిసారీ పైపు ఖాళీ అయ్యేదాకా నీళ్ళు పొయ్యాలని. శ్రద్ధగా విన్నది. మధ్యలో రెండు ప్రశ్నలు కూడా అడిగింది.

చివరికి, "నువ్వు చెప్పింది మంచిగనే ఉంది అన్న," అంది. "ఈడ నల్లా దినం తప్పి దినం ఒస్తది. ఆ నీళ్ళు ఒంటకు, తానాలకే సాలవు. పైపుల పొయ్యనీకి ఏ నీళ్ళు తేవాలె?"

 సామాను సర్దుకుని మెట్లు దిగాను.